కిడ్నీకి వేసిన స్టెంటు: గడువు మరవకండి



స్టెంటు అనే మాట ఈ రోజుల్లో వినని ఇల్లు లేదు. పక్కింటి తాతగారికి గుండెకు రెండు స్టెంట్లు వేశారనీ, ఎదురింటి మేష్టారికి ఒకటి వేశారనీ చెప్పుకుంటూనే వుంటాం. కాని స్టెంటు గుండెకే కాదు, మూత్రనాళానికి కూడా వేస్తారు. కిడ్నీలో రాయి వచ్చి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో చాలామంది దాన్ని ఒంట్లో పెట్టుకునే ఇంటికి తిరిగి వస్తారు. పేరు ఒకటే గాని, ఈ రెండింటికీ ఒక పెద్ద తేడా వుంది. గుండెకు వేసిన స్టెంటు మామూలుగా జీవితాంతం అక్కడే వుండిపోతుంది. మూత్రనాళంలో వేసినదాన్ని మాత్రం గడువులోగా తీసేయాలి, లేదా మార్చాలి. ఈ ఒక్క తేడా తెలియక మా ఇంట్లోనే ఎంత పని జరిగిందో ముందు చెప్పి, తర్వాత మిగతా సంగతుల్లోకి వస్తాను.

నేను పిల్లల డాక్టర్ని. మా పెద్దక్కయ్య రాజమండ్రిలో వుంటుంది. ఒక ఏడాది మే నెలలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఆవిడకు ఎడమ డొక్కలో విపరీతమైన నొప్పి వచ్చింది. మూత్రనాళంలో రాయి అడ్డం పడిందన్నారు. కోత లేకుండానే, మూత్రద్వారం గుండా సన్నని దుర్భిణి గొట్టం పంపి, లేజరుతో రాయిని పొడి చేశారు. లోపల ఒక స్టెంటు పెట్టారు. మూడో రోజుకల్లా అక్కయ్య ఇంటికి వచ్చేసింది. నొప్పి మాయమయింది. శ్రావణ మాసంలో కూతురి పెళ్ళి. ఇక ఆ హడావిడి మీకు చెప్పనక్కరలేదు గదా! నేను ఫోను చేసినప్పుడల్లా "నొప్పి తగ్గిందా అక్కయ్యా?" అని అడిగేదాన్ని. తగ్గిందనేది. "మరి స్టెంటు తీయించుకున్నావా?" అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. డాక్టర్ని అయివుండి నేనే అడగలేదు.

సంక్రాంతి పండక్కి వెళ్ళేసరికి అక్కయ్య రెండు రగ్గులు కప్పుకుని గజగజ వణికిపోతోంది. "తెల్లవారుజామున ముగ్గు పెడుతూ మంచులో కూర్చున్నానే, అదే పోతుందిలే" అంది. ఒంటికి వెళ్ళినప్పుడల్లా మంటగా వుందనీ, డొక్కలో పోటు వస్తోందనీ నెమ్మదిగా చెప్పింది. నాకు గుండె ఝల్లుమంది. "స్టెంటు ఎప్పుడు తీశారు?" అని అడిగాను. "తీయడమేమిటే? మీ బావగారి అన్నయ్యకు గుండెలో వేసింది పదేళ్ళబట్టీ వుంది గదుటే?" అంది ఆశ్చర్యంగా.

బీరువాలో పట్టుచీరల కింద వున్న ఆసుపత్రి కాగితాలు తీయించి చూశాను. ఆఖరి పేజీలో, ఆఖరి వరసలో, ఇంగ్లీషులో వుంది, మూడు వారాల తర్వాత వచ్చి స్టెంటు తీయించుకోవాలని. బిల్లు కట్టేచోట బావగారికి కూడా నోటిమాటగా చెప్పారట. "మూడు వారాల తర్వాత ఒకసారి చూపించుకోమన్నారు. నొప్పేమీ లేదు గదా అని ఊరుకున్నాం" అన్నారాయన. ఎవరి ఒంట్లో గొట్టం వుందో ఆ మనిషికి, ఆవిడకు అర్థమయ్యే భాషలో, ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

ఎక్సురే తీస్తే, ఆ గొట్టం రెండు చివరలా సున్నం పట్టి రాళ్ళు కట్టివున్నాయి. నీళ్ళు కాచే హీటరుకు తెల్లగా పెచ్చులు కట్టడం మీరందరూ చూసే వుంటారు, అలాగన్నమాట. ముందు చీము జ్వరం తగ్గించడానికి వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం వేసి మూత్రం బయటికి తీశారు. తర్వాత మూత్రాశయంలోని రాయి ఒకసారి, కిడ్నీలోని రాయి మరొకసారి పగలగొట్టి, అప్పుడు స్టెంటు తీశారు. పది నిమిషాలలో అయ్యే పనికి మూడుసార్లు ఆపరేషన్ థియేటరుకు వెళ్ళవలసి వచ్చింది. కిడ్నీ దక్కింది గాని దాని శక్తి కొంత పోయింది. అది మళ్ళీ రాదు.

ఇంతకీ ఈ స్టెంటు ఏమిటి, ఎందుకు వేస్తారు?

మన నడుముకు పైన, వెన్నెముకకు రెండు వైపులా రెండు కిడ్నీలుంటాయి. ఒక్కొక్క కిడ్నీ నుంచి కింద వున్న మూత్రాశయానికి ఒక సన్నని నాళం దిగుతుంది. దాని పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే జానెడు దాటి వుంటుంది. లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. రాయి అడ్డం పడినా, రాయి తీసిన తర్వాత నాళం లోపల వాచినా మూత్రం కిందికి దిగదు. వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బుతుంది. అలా కాకుండా దారి తెరిచి వుంచడానికి, మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి నాళంలో పెడతారు. అదే స్టెంటు. లావు సుమారు రెండు మిల్లీమీటర్లు. ఒంటినిండా చిన్న చిన్న చిల్లులుంటాయి.

మొదట్లో ఇలాంటి గొట్టాలు తిన్నగా వుండి, జారి కిందికి వచ్చేసేవి. 1978లో ఫిన్నీ అనే అమెరికా డాక్టరు రెండు చివరలా వంకీ తిరిగిన గొట్టం గురించి ప్రకటించారు. ఆ వంకీలు ఇంగ్లీషు జె అక్షరంలా వుంటాయి గనుక డబుల్ జె స్టెంటు అనే పేరు వచ్చింది. మన ఆసుపత్రులలో డీజే స్టెంటు అంటారు. ఇప్పుడు వచ్చేవాటి చివరలు జంతిక చుట్టులా గుండ్రంగా తిరిగి వుంటాయి. పై చుట్టు కిడ్నీలోనూ, కింది చుట్టు మూత్రాశయంలోనూ కూర్చుని, గొట్టం జారకుండా పట్టుకుంటాయి.

రాళ్ళకే కాదు, మరికొన్ని సందర్భాల్లో కూడా వేస్తారు. గర్భిణికి రాయి అడ్డం పడి జ్వరం వచ్చినప్పుడు వేస్తారు. గర్భసంచి తీసే ఆపరేషన్‌లో మూత్రనాళానికి దెబ్బ తగిలినా, కడుపులోని గడ్డ నాళాన్ని నొక్కుతున్నా వేస్తారు. కాబట్టి ఇది ఎక్కడో ఎవరికో సంబంధించిన సంగతి అనుకోకండి.

ఇప్పుడు, స్టెంటుతో ఇంటికి వచ్చాక ఏమేమి మామూలో చూద్దాం. ఇది తెలియకపోతే అనవసరంగా హడలిపోతాం. లేదా హడలవలసినచోట ఊరుకుంటాం. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, స్టెంటు వున్నవాళ్ళు పదిమందిలో సుమారు ఎనిమిది మందికి దానివల్ల రోజువారీ జీవితంలో ఇబ్బందులు కలిగాయని తేలింది. అంటే ఇబ్బంది వుండడమే మామూలు, బొత్తిగా లేకపోవడం అదృష్టం.

మొదటిది, మాటిమాటికీ ఒంటికి వెళ్ళవలసి రావడం. వచ్చిందంటే ఆపుకోలేకపోవడం, వెళ్ళివచ్చినా ఇంకా వున్నట్టే అనిపించడం. దీనికి కారణం వుంది. స్టెంటు కింది చుట్టు మూత్రాశయం అడుగున తగులుతూ వుంటుంది. సున్నితమైన ఆ చోట ఏది తగిలినా, సంచీ నిండిందనే మనకు కబురు వస్తుంది. నిజానికి నిండదు. రాత్రి మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తే మీలో ఏదో లోపం వచ్చిందని బాధపడకండి.

రెండోది, ఒంటికి వెళ్ళేటప్పుడు డొక్కలో పోటు. ఇది చాలామందిని భయపెడుతుంది. మామూలుగా మూత్రాశయంలోంచి మూత్రం పైకి ఎగదన్నకుండా నాళం చివర ఒక తలుపులాంటి ఏర్పాటు వుంటుంది. స్టెంటు ఆ తలుపు సందులో వుండడంవల్ల అది సరిగా మూసుకోదు. సంచీ బిగుసుకున్నప్పుడు కొంత మూత్రం పైకి తన్ని కిడ్నీ దగ్గర నొప్పి పుడుతుంది. ఒంటికి వెళ్ళడం అయిపోయిన కాసేపటికి తగ్గిపోతుంది. మూత్రాన్ని గంటలకొద్దీ బిగపట్టకుండా, ముక్కకుండా వెళితే ఈ పోటు తక్కువగా వుంటుంది.

మూడోది, మూత్రంలో కొంచెం రక్తం. తోటకూర ఉడికించిన నీళ్ళలా లేత ఎరుపు కనిపించవచ్చు. ఎక్కువగా నడిచినరోజున, మెట్లు ఎక్కి దిగినరోజున, బరువు ఎత్తినరోజున రంగు పెరుగుతుంది. కూర్చుని విశ్రాంతి తీసుకుని నీళ్ళు తాగితే పలచబడుతుంది. ఇలా వచ్చిపోతూ వుంటే కంగారు లేదు. మంట, పొత్తికడుపులో బరువు కూడా మామూలే.

ఈ ఇబ్బందులతో వుండడానికి ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

అన్నిటికన్నా ముందు నీళ్ళు. మన ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. ఊరికి వెళ్ళాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, దారిలో ఎక్కడ వెళతామో అని నీళ్ళు తాగడం మానేస్తాం. స్టెంటు వున్నప్పుడు ఆ పని చేయకండి. మాటిమాటికీ వెళ్ళవలసి వస్తోందని నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, గొట్టానికి సున్నం త్వరగా పడుతుంది. మూత్రం లేత పసుపుగా, దాదాపు నీళ్ళ రంగులో వచ్చేటట్టు రోజంతా కొద్దికొద్దిగా తాగండి. మజ్జిగ తేట, బార్లీ నీళ్ళు తాగవచ్చు. గుండె జబ్బు గాని, కిడ్నీ బలహీనత గాని వున్నవాళ్ళు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడిగి తాగాలి. అలాంటివాళ్ళకు కొబ్బరినీళ్ళు కూడా అందరికీ పనికిరావు. కార్తీక సోమవారాలనీ, ఏకాదశులనీ నీళ్ళయినా ముట్టని ఉపవాసాలు ఆ కొద్ది వారాలూ వాయిదా వేసుకోండి. దేవుడేమీ అనుకోడు.

చిక్కటి కాఫీలు, మూత తీస్తే బుస్సుమనే కూల్‌డ్రింకులు మూత్రాశయాన్ని రెచ్చగొడతాయి. రెండు పూటలా కాఫీ లేనిదే గడవనివాళ్ళు ఒకపూట తగ్గించి చూడండి. రాత్రి పడుకోవడానికి రెండు గంటల ముందునుంచి నీళ్ళు కాస్త తగ్గించి, ఆ లోటు పగలు పూడ్చుకోండి. మలబద్ధకం లేకుండా ఆకుకూరలు, పళ్ళు తినండి. ముక్కితే నొప్పి, రక్తం రెండూ పెరుగుతాయి.

వంటా వార్పూ మానుకోనక్కరలేదు. నెమ్మదిగా నడవవచ్చు, స్నానం చేయవచ్చు. గ్యాసు బండ జరపడం, నీళ్ళ బిందెలు మోయడం, వంగి ఇల్లంతా తుడవడం మాత్రం ఇంట్లో మరొకరికి అప్పగించండి. ఇదివరకు ఎన్నడూ చెప్పని పని చెప్పడానికి ఇదొక మంచి అవకాశం కూడా! సంసార జీవితానికి స్టెంటు మామూలుగా అడ్డం కాదు, ఇబ్బందిగా వుంటే కొన్నాళ్ళు ఆగవచ్చు. కొన్ని స్టెంట్లకు చివర సన్నని దారం వుండి బయటికి కనిపిస్తుంది. అలాంటి దారం వున్నవాళ్ళు డాక్టరును అడగకుండా కలయికకు పోకూడదు. ఆ దారాన్ని లాగకూడదు, కత్తిరించకూడదు.

మందుల సంగతి. ఇబ్బంది ఎక్కువగా వుంటే టామ్సులోసిన్ లాంటి మాత్ర రాస్తారు. మందుల షాపులో దాన్ని చూసి "ఇది మగవాళ్ళ ప్రోస్టేటు మందు గదండీ" అనవచ్చు. ఆ మాట నిజమే గాని, అదే మందు మూత్రనాళపు కండరాల బిగువు కూడా తగ్గిస్తుంది గనుక స్టెంటు వున్న ఆడవాళ్ళకూ ఇస్తారు. పొరపాటున రాశారేమోనని మానేయకండి. వేసుకున్నాక చటుక్కున లేస్తే కళ్ళు తిరగవచ్చు, మంచం మీదినుంచి నిదానంగా లేవండి. ఇక నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీకే చెరుపు చేస్తాయి. గర్భిణులయితే ఏ మాత్రా అడగకుండా వేసుకోకూడదు.

మరొక్క మాట. స్టెంటు వున్నన్నాళ్ళూ మూత్రపరీక్షలో కొద్దిగా చీము కణాలు, రక్త కణాలు కనబడుతూనే వుంటాయి. ఆ కాగితం చూసి భయపడి, షాపువాడిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు మింగకండి. మందు అవసరమా కాదా అన్నది మీ జ్వరాన్నీ, నొప్పినీ, కల్చరు పరీక్షనూ చూసి డాక్టరు చెప్పాలి. అవసరం లేనప్పుడు వాడితే, అవసరమైననాడు ఆ మందు పనిచేయకపోవచ్చు.

ఇప్పుడు అసలైన భాగం. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి. కింద చెప్పేవి మామూలు ఇబ్బందులు కావు. వీటిలో ఏది కనిపించినా తెల్లవారనిద్దాం, ఆయన ఆఫీసునుంచి రానిద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒకటి, జ్వరం. థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే 38 డిగ్రీల సెంటీగ్రేడు గాని, అంతకు పైన గాని వుంటే, లేదా ఒళ్ళు జలదరించి వణుకు పుడితే ఆగకూడదు. మూసుకుపోయిన కిడ్నీలో చీము పట్టి, అది రక్తంలో కలిస్తే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. స్టెంటు వున్న మనిషికి వచ్చిన చలిజ్వరాన్ని మలేరియా అనో, మంచు అనో ఇంట్లోనే తేల్చేయకండి. మధుమేహం వున్నవాళ్ళకూ, ముసలివాళ్ళకూ ఒక్కొక్కప్పుడు జ్వరం తెలియదు. ఊరికే నీరసపడిపోవడం, మగతగా వుండడం, పొంతన లేకుండా మాట్లాడటం మాత్రమే కనిపిస్తుంది. అది కూడా ప్రమాదమే.

రెండు, తగ్గని నొప్పి. ఒంటికి వెళ్ళినప్పుడు వచ్చి పోయేది మామూలు. అలా కాక, గంటల తరబడి డొక్కలో నొప్పి వుండి, మాత్రకు లొంగకపోయినా, వాంతులవుతూ నీళ్ళు కూడా ఇమడకపోయినా, స్టెంటు మూసుకుపోయిందో, జారిపోయిందో అని అనుమానించాలి.

మూడు, రక్తం. టమాటా రసంలా చిక్కగా ఎర్రగా వస్తూ, నీళ్ళు తాగినా విశ్రాంతి తీసుకున్నా పలచబడకపోతే, గడ్డలు గడ్డలుగా పడితే వెంటనే వెళ్ళాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా వుండాలి.

నాలుగు, మూత్రం బందయిపోవడం. వెళ్ళాలనిపించి, ఎంత ప్రయత్నించినా రాకపోయినా, చుక్కలు చుక్కలుగా పడుతూ పొత్తికడుపు ఉబ్బినా ఆగకూడదు.

ఐదు, దీనికి సరిగ్గా వ్యతిరేకం. తెలియకుండానే ఎడతెగకుండా మూత్రం కారిపోతూ, గుడ్డలు తడిసిపోతూ వుంటే స్టెంటు కిందికి జారి మూత్రద్వారంలోకి వచ్చి వుండవచ్చు. ఒక్కొక్కప్పుడు గొట్టం కొస బయటికే కనిపిస్తుంది. దాన్ని లోపలికి నెట్టకండి, బయటికి లాగకండి. పూర్తిగా ఊడి వచ్చేస్తే ఒక కవరులో పెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్ళండి.

గర్భిణులయితే వీటితోపాటు కడుపు బిగదీయడం, బిడ్డ కదలిక తగ్గడం కూడా గమనించాలి. ఒకే కిడ్నీతో వున్నవాళ్ళు ఏ చిన్న మార్పునూ తేలిగ్గా తీసుకోకూడదు. ఆసుపత్రికి వెళ్ళగానే ఎవరు ఎదురుపడినా మొట్టమొదట చెప్పవలసిన మాట ఒక్కటే: "నాకు మూత్రనాళంలో స్టెంటు వుంది, ఫలానా తేదీన వేశారు." ఈ ఒక్క వాక్యంవల్ల వైద్యం సరైన దారిలో పడుతుంది.

ఇవన్నీ కనిపించే ప్రమాదాలు. కనిపించని ప్రమాదం మా అక్కయ్యకు జరిగినటువంటిది. మొదటి వారాల్లో ఇబ్బంది పెట్టిన స్టెంటు కొందరికి తర్వాత అలవాటయిపోతుంది. నొప్పి లేదు గదా అని గొట్టం సంగతి మరిచిపోతారు. కాని మూత్రంలో వున్న లవణాలు మరిచిపోవు, రోజూ పొరమీద పొర పేరుకుంటూనే వుంటాయి. 1991లో అచ్చయిన ఒక పరిశీలనలో, రాళ్ళ కోసం వేసిన స్టెంట్లను తీసి చూస్తే, ఆరు వారాల్లోపు తీసినవాటిలో నూటికి సుమారు 9, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తీసినవాటిలో నూటికి సుమారు 47, పన్నెండు వారాలు దాటినవాటిలో నూటికి 76 సున్నం పట్టి వున్నాయి. ఈ అంకెలు చూస్తే గడువు ఎందుకు పెడతారో మీకే అర్థమవుతుంది. మరీ ఆలస్యమైతే గొట్టం పెళుసుబారి లోపలే విరిగిపోతుంది. కిడ్నీ చప్పుడు లేకుండా చెడిపోతుంది.

రాయి తీసిన తర్వాత వేసిన స్టెంటును సాధారణంగా కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లోపల తీసేస్తారు. ఎక్కువకాలం వుంచవలసినవాళ్ళకు చాలావరకు మూడు నెలలకొకసారి పాతది తీసి కొత్తది పెడతారు. కొన్ని రకాలను అంతకన్నా ఎక్కువ కాలం వుంచవచ్చు. గర్భిణులకు సున్నం త్వరగా పడుతుంది గనుక ఇంకా ముందే మారుస్తారు. మీది ఏ రకమో, మీ గడువు ఎంతో మీ డాక్టరు చెప్పాలి. చెప్పకపోతే మీరు అడగాలి. ఉలవచారు తాగినా, అరటి దూట రసం తాగినా, కొండపిండాకు కూర తిన్నా ఆ గొట్టం కరగదు, దానంతట అది పోదు. తీస్తేనే వస్తుంది.

తీయడం గురించి భయపడేవాళ్ళున్నారు. అందులో భయపడవలసింది లేదు. మత్తు జెల్లీ పెట్టి, సన్నని దుర్భిణిని మూత్రద్వారం గుండా పంపి, కింది చుట్టును పట్టుకుని నెమ్మదిగా లాగేస్తారు. కొద్ది నిమిషాల పని. ఆడవాళ్ళకు మూత్రద్వారం దారి పొట్టి గనుక మగవాళ్ళకన్నా సులువు. చిన్నపిల్లలకైతే పూర్తి మత్తు ఇస్తారు. చాలామంది అదేరోజు ఇంటికి వచ్చేస్తారు. తీసిన తర్వాత ఒకటి రెండు రోజులు మంట, కొద్దిగా రక్తం, డొక్కలో కాస్త నొప్పి వుండవచ్చు. నీళ్ళు బాగా తాగాలి. అప్పుడు కూడా జ్వరం, వణుకు, భరించలేని నొప్పి వస్తే మళ్ళీ వెళ్ళవలసిందే.

కాబట్టి మీరు గాని, మీ అత్తగారు గాని, అమ్మగారు గాని స్టెంటు వేయించుకుని ఇంటికి బయలుదేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. స్టెంటు ఏ వైపు వేశారు, ఒకటా రెండా? ఏ తేదీన తీయాలి? ఎవరి దగ్గరికి రావాలి? రాత్రిపూట ఏదైనా అయితే ఏ నంబరుకు ఫోను చేయాలి? జవాబులు తెలుగులో రాయించుకోండి. బిల్లు కట్టే మగవాళ్ళకు చెబితే చాలదు, గొట్టం ఎవరి ఒంట్లో వుందో వాళ్ళకు తెలియాలి. ఆ చీటీ బీరువాలోకి పోకూడదు. పాల లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీ రాసుకునే వంటింటి క్యాలెండరు వుంది చూశారా, స్టెంటు తీసే తేదీ చుట్టూ అందులో ఎర్రసిరాతో సున్నా చుట్టండి. సెల్‌ఫోనులో గంట పెట్టుకోండి. దూరాన వున్న కొడుక్కో, కూతురికో, చెల్లెలికో ఆ తేదీ చెప్పివుంచండి. ఊరు మారినా, డాక్టరు మారినా గడువు మారదు. అదే ఆసుపత్రికి వెళ్ళలేకపోతే, కాగితాలు తీసుకుని మూత్రవ్యాధుల నిపుణుడున్న మరో ఆసుపత్రికి వెళ్ళండి.

మీకు తెలిసినవాళ్ళెవరైనా కిడ్నీ రాయి తీయించుకుని వుంటే, రేపు కలిసినప్పుడు "ఎలా వుంది?" అని అడిగి వదిలేయకండి. "స్టెంటు వేశారా? తీయించుకున్నారా?" అని అడగండి. నేను మా అక్కయ్యను అడగవలసిన ప్రశ్న అదే. ఇప్పుడు మా అక్కయ్య ఆ వీధిలో ఎవరు ఆసుపత్రినుంచి వచ్చినా ముందుగా ఆ మాటే అడుగుతుంది. కిందటిసారి వెళ్ళినప్పుడు చూశాను, ఆవిడ వంటింటి క్యాలెండరులో మూడు ఎర్ర సున్నాలున్నాయి. ఏమిటక్కయ్యా అంటే, "నావి కావులే, ఇరుగుపొరుగువాళ్ళవి. వాళ్ళు మరిచిపోతే నేను గుర్తుచేస్తాను" అంది.



(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)